మామిడి చెట్టు దూప

ఏప్రిల్‌లో జగిత్యాల పక్కన చల్‌గల్ మామిడి మార్కెట్లో ఒక పూట నిలబడితే కాయ సైజు, రంగు, ఢిల్లీ ధర, నాగ్‌పూర్ లారీ కిరాయి అన్నీ వినబడతాయి. ఆ కాయ ఎన్ని నీళ్లు తాగి అంతయిందని అడిగేవాళ్లు మాత్రం కనబడరు. తోటలున్న మాకు మార్చి రాగానే అదొక్కటే ముచ్చట: బోరు ఎన్ని గంటలు పోస్తోంది, ఎప్పుడు గాలి కొడుతోంది. ఈ మధ్య మా బంధువుల పిల్లలు కొందరు హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటూనే కోరుట్ల దిక్కున, సిరిసిల్ల దిక్కున తోటలు పెట్టారు. వారానికోసారి ఫోన్ చేసి, "మామా, నీళ్లు పెట్టాల్నా, వద్దా?" అని అడుగుతుంటారు. వాళ్లకు విడివిడిగా చెప్పినవే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. మాది మామిడి సీమ గనుక మామిడి గురించే ఎక్కువ ఉంటుంది.

1. ముందు ఎప్పుడు ఇవ్వొద్దో నేర్చుకోండి

కాపుకొచ్చిన మామిడికి వానాకాలం పోయాక, అంటే అక్టోబరు నుంచి పూత పూర్తిగా బయటికి వచ్చేదాకా నీళ్లు కట్టొద్దు. చెట్టుకు దూప కావాలి. కొమ్మ ముదిరి, నేల ఆరి, రాత్రి చలి తగిలితేనే ఆ కొన మొగ్గ పూత వైపు తిరుగుతుంది. ఆ సమయంలో తడి తగిలిందా, అదే మొగ్గ చిగురు వైపు పోతుంది. నవంబరులో తోటంతా ఎర్ర చిగురుతో మెరిసిపోతుంటే చూడటానికి బాగుంటుంది. సంక్రాంతికి ఆ చెట్ల మీద పూత వెతుక్కోవాలి.

పుస్తకం అక్కర్లేకుండా ఇది కళ్లతో చూడాలంటే వరి మడి ఒడ్డున ఉన్న మామిడి వరుస చూడండి. మా పక్క పొలంలో యాసంగి నాట్లు పడ్డ ఏడు, ఒడ్డు మీది వరుసలో చెట్లు నల్లగా, నిగనిగలాడుతూ ఉంటాయి. ఆకు మీద ఆకు. నాలుగు వరుసలు లోపలికి నడిస్తే ఆకులు కొంచెం వాడి, అంచులు కిందికి ముడుచుకుని ఉంటాయి, పూత మాత్రం కొమ్మకొమ్మకూ. ఒకే మట్టి, ఒకే బంగినపల్లి, ఒకే ఏడు నాటినవి. మడి నీళ్లు ఒడ్డు కింద నుంచి ఊరి వేర్లకు అందడమే తేడా. ఆ వరుసకూ మడికీ నడుమ మోకాటి లోతు కాలువ తీసి, ఊటనీళ్లు దిగువకు పోయేలా చేస్తే కొంత నయం.

ఇలా నీళ్లు ఆపడాన్నే నల్గొండ బత్తాయి రైతులు బెట్ట పెట్టడం అంటారు. పూతకు ముందు నెలా నెలన్నర నీళ్లు ఆపి, ఆకు వాడాక మళ్లీ తడి ఇస్తారు. సముద్రాలవతల కాలిఫోర్నియాలో బాదం తోటల వాళ్లు కూడా ఇంకో రకంగా ఇక్కడికే వచ్చారు. బాదం కాయ పైతొక్క పగలడం మొదలయ్యే రోజుల్లో నీళ్లు తగ్గిస్తే తొక్క కుళ్లు తగ్గుతుందనీ, దిగుబడికి పెద్దగా దెబ్బ తగలదనీ అక్కడి విశ్వవిద్యాలయం వాళ్లు తోటల్లో చూసి చెప్పారు. అంటే నీటి పొదుపులో మొదటి భాగానికి రూపాయి ఖర్చు లేదు, మోటరు స్విచ్చి ముట్టుకోకపోతే చాలు. అక్టోబరు చివర పడే దొంగ వానను ఆపడం మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్న తడినైనా ఆపుదాం.

ఒక్క హెచ్చరిక. ఇదంతా కాపు చెట్లకే. మూడు నాలుగేళ్ల లోపు మొక్కలకు బెట్ట పెడితే చస్తాయి.

2. నీళ్లు కావలసిన డెబ్బయి అయిదు రోజులు

పూత రాలుతుందని, పూత మీద ఉండగా పారకం నీళ్లు కట్టడానికి మా దిక్కు పెద్దలు ఒప్పుకొనేవాళ్లు కాదు. నేనూ ఒప్పుకోను. పిందె బఠాణీ గింజంత అయ్యాక మొదటి తడి, అదీ కొద్దిగా. అక్కడి నుంచి మెల్లగా పెంచుకుంటూ పోవాలి. గోలీకాయ సైజు నుంచి కాయలో టెంక గట్టిపడేదాకా చెట్టుకు నిజంగా నీళ్లు కావాలి. అప్పుడు లోటు పడితే పిందె రాలుతుంది, నిలిచిన కాయ చిన్నదవుతుంది. కోతకు రెండు మూడు వారాల ముందు మళ్లీ ఆపేయాలి. మొత్తం మీద ఫిబ్రవరి నడుమ నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా అనుకోండి.

ఎంత ఇవ్వాలి? ఇది అడగనివాడు లేడు, లెక్క వేసేవాడు తక్కువ. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే సరిగ్గా ఒక లీటరు. మధ్యాహ్నం పన్నెండుకు చెట్టు నీడ కొలవండి. నీడ ఆరు మీటర్ల అడ్డం ఉంటే అది 28 చదరపు మీటర్లు. ఏప్రిల్ ఎండకు మా దిక్కు తెరిచిపెట్టిన గంగాళంలోంచి రోజుకు ఎనిమిది మిల్లీమీటర్లు ఆవిరైపోతుంది. చెట్టుకు అందులో సగం చాలు. నాలుగును 28తో గుణిస్తే 112 లీటర్లు. చెట్టు చుట్టూ గంటకు నాలుగు లీటర్లిచ్చే డ్రిప్పర్లు ఎనిమిది పెడితే మూడున్నర గంటలు. ఫిబ్రవరిలో ఎండ తక్కువ గనుక అంత అక్కర్లేదు. సీజనంతా కలిపి చెట్టుకు రోజుకు సగటున వంద లీటర్లు వేసుకోండి.

పది మీటర్ల దూరంలో నాటిన పాత తోటల్లో ఎకరానికి 40 చెట్లు. నలభై చెట్లు, వంద లీటర్లు, 75 రోజులు: మూడు లక్షల లీటర్లు. ఈ అంకె గుర్తుంచుకోండి, ముందు ముందు పని పడుతుంది.

3. గడ్డపార అబద్ధం చెప్పదు

పై మట్టి ఎండి నెర్రెలిచ్చిందని మోటరు వేసేవాళ్లే ఎక్కువ. చెట్టు తాగేది పై మట్టిలోంచి కాదు. చెట్టు కొమ్మల అంచు కింద గడ్డపారతో అడుగున్నర లోతు తవ్వి, అక్కడి మట్టి పిడికిట్లో పట్టి నొక్కండి. ఉండ కట్టి, చెయ్యి విప్పినా విడిపోకుంటే ఇంకో మూడు రోజులు ఆగొచ్చు. పొడిపొడిగా రాలితే నీళ్లివ్వండి. చెల్క నేలలో ఉండ సరిగా కట్టదు, అక్కడ చేతికి తగిలే చల్లదనం చూసుకోవాలి. సెన్సార్లు అమ్మేవాళ్లు వస్తున్నారు, మంచిదే, కొనేవాళ్లు కొనండి.

4. డ్రిప్పు మొదట్లో కాదు, కొమ్మ అంచున

మా వైపు సగం తోటల్లో లేటరల్ పైపు చెట్టు మొదలును ఆనుకుని పోతుంది. మొక్క నాటిన ఏడు అక్కడ వేశారు, చెట్టు పెరిగింది, పైపు మాత్రం అక్కడే ఉండిపోయింది. పదేళ్ల చెట్టుకు నీళ్లు తాగే సన్న వేర్లు మొదట్లో ఉండవు, కొమ్మల నీడ అంచుకు కొంచెం లోపలగా ఉంటాయి. మొదట్లో పోసిన నీళ్లతో బెరడు కుళ్లుతుంది, బంక కారుతుంది. మొదలుకూ నీడ అంచుకూ ఉన్న దూరంలో మూడింట రెండొంతుల మీద, చెట్టు చుట్టూ రింగులా పైపు తిప్పి డ్రిప్పర్లు పెట్టుకోవాలి. పైపు ఖర్చు కొంచెం పెరుగుతుంది, నిజమే.

డ్రిప్పు వెనక ఒక కథ చెబుతారు. ఇజ్రాయెల్ ఇంజినీరు సిమ్‌కా బ్లాస్ 1930లలో ఒక చోట చెట్లన్నీ చిన్నగా ఉండి ఒక్కటే ఏపుగా ఎదగడం చూసి తవ్విస్తే, దాని పక్కన పైపు జాయింటు సన్నగా కారుతోందట. ఆ ఆలోచనే 1965లో నెటాఫిమ్ కంపెనీ అయింది. మన దగ్గర 2003 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ సేద్య పథకం మొదలయ్యాక సబ్సిడీ మీద పైపులు ఊరూరికీ వచ్చాయి. పైపులతో పాటు వాటిని బాగు చేసుకునే అలవాటు రాలేదు.

ఒక పని చేయండి. లైను మొదట్లో ఉన్న డ్రిప్పర్ కింద ఒక లీటరు డబ్బా, ఆఖర్న ఉన్న దాని కింద ఇంకో లీటరు డబ్బా పెట్టండి. నాలుగు లీటర్ల డ్రిప్పర్ అయితే పదిహేను నిమిషాల్లో రెండూ నిండాలి. మా దిక్కు తోటల్లో మొదటిది నిండి పొర్లుతుంటుంది, ఆఖరు దాంట్లో సగం కూడా ఉండదు. అప్పుడు రైతు ఏం చేస్తాడు? ఆఖరు చెట్లు వాడుతున్నాయని ఇంకో రెండు గంటలు మోటరు నడుపుతాడు. మొదటి చెట్లకు ఆ నీళ్లన్నీ దండగ. వారానికోసారి ఫిల్టరు జాలీ విప్పి కడగాలి. నెలకోసారి లేటరల్ చివర మూత తీసి, మురికి పోయి తేట నీళ్లు వచ్చేదాకా వదలాలి. డ్రిప్పర్ మూతి దగ్గర తెల్లగా సున్నం పేరుకుంటే ఆసిడ్ శుద్ధి చేయాలి. ఆసిడ్‌ను నీళ్లలో పోయాలి, నీళ్లను ఆసిడ్‌లో పోయొద్దు, మొహం కాలుతుంది. లైన్లో ఒక రోజు నిలవనిచ్చి, మర్నాడు మొత్తం వదిలేయాలి.

ఉడుతల సంగతి కూడా చెప్పాలి. ఎండాకాలం పైపు కొరికేది ఉడుత, అది కొరికేది నీళ్ల కోసం. చెట్టుకొకటి కాకున్నా అక్కడక్కడా మట్టి మూకుళ్లలో నీళ్లు పెడితే కొరుకుడు చాలా తగ్గుతుంది. అడవి పందులకు మాత్రం నా దగ్గర మందు లేదు.

5. మిగిలిన నీళ్లు ఎక్కడికి పోయాయి

ఈ మాట చాలామందికి నచ్చదు. డ్రిప్పు పెట్టిన ప్రతి తోటలో నీళ్లు మిగులుతాయి, మిగిలిన నీళ్లు బోరులో మిగలవు. మామిడికి పారకం మానేసి డ్రిప్పు పెట్టగానే, "బోరు ఇంకా పోస్తుంది కదా" అని తోట కింద అరెకరం యాసంగి నాటు పడుతుంది. మరుసటి ఏడు అది ఎకరమవుతుంది. లెక్క చూడండి. యాసంగి వరికి ఎకరానికి దాదాపు 1,200 మిల్లీమీటర్ల నీళ్లు పోతాయి, అంటే 48 లక్షల లీటర్లు. మామిడి ఎకరానికి మూడు లక్షలని పైన చూశాం. ఎకరం యాసంగి వరి నీళ్లతో పదహారెకరాల మామిడి బతుకుతుంది. నా లెక్కలో కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు, పదెకరాలకు మాత్రం తగ్గదు.

వరి మీద నాకు పగ లేదు. జగిత్యాల పేరు దేశమంతా తెలిసింది పొలాస పరిశోధనా స్థానం ఇచ్చిన జగిత్యాల సన్నాల వల్లే, జేజీఎల్ 1798 అన్నం మా ఇంట్లోనూ ఉడికింది. మడిలో పెట్టిన నీళ్లలో కొంత మళ్లీ భూమిలోకే దిగుతుందన్నది కూడా నిజమే. కాలువ కింద వరి వేయండి, అక్కడ నీళ్లు పైనుంచి వస్తాయి. బోరు నీళ్లతో, గుట్ట పక్క చెల్కలో, ఎండాకాలంలో వరి వేస్తూ తోటకు డ్రిప్పు పెట్టాను కాబట్టి పొదుపు చేశానంటే మాత్రం నవ్వొస్తుంది. ఈ మధ్య ఆయిల్‌పాం పెడదామా అని అడుగుతున్నారు. ఎకరానికి 57 మొక్కలు, కాపుకొచ్చాక ఎండాకాలం చెట్టుకు రోజుకు రెండొందల లీటర్ల పైనే కావాలి. మామిడిలాగా దానికి ఎండకట్టే కాలం లేదు, ఏడాది పొడుగునా తడి కావాలి. కాలువ నీళ్ల నమ్మకం ఉంటే పెట్టండి. ఒక్క బోరు చూసుకుని పెట్టొద్దు.

6. ఆటో స్టార్టర్ పీకేయండి

కరెంటు రాత్రిపూట వంతుల్లో వచ్చే రోజులు మా తరానికి తెలుసు. టార్చి పట్టుకుని బాయి కాడికి పోయి, పాము కరిచి, షాకు కొట్టి పోయినవాళ్లు ఊరికొకరు ఉన్నారు. ఆ భయానికే ఆటో స్టార్టర్లు వచ్చాయి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు అన్నారు. ఆటో మాత్రం చాలాచోట్ల అలాగే ఉండిపోయింది. కరెంటు ఉన్నంతసేపూ మోటరు నడుస్తుంది, బోరు గాలి కొట్టినా నడుస్తుంది. బిల్లు రాదు కాబట్టి ఆపేవాడు లేడు. తోటకు కావలసింది మూడు నాలుగు గంటలు. తెల్లవారుజామున నాలుగింటికి వేసి పొద్దెక్కకముందే ఆపితే ఆవిరి తక్కువ, వోల్టేజీ కూడా బాగుంటుంది. వేసేది మరిచిపోతామంటే టైమర్ పెట్టుకోండి, అది గంట కొట్టినట్టు ఆపేస్తుంది.

7. ఒక్క ముసురు చాలు

మన జిల్లాల్లో మంచి ఏడాది తొమ్మిది వందల మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఎకరం నేల మీద ఒక సెంటీమీటరు వాన పడితే 40 వేల లీటర్లు. తొంభై సెంటీమీటర్లకు 36 లక్షలు. ఎకరం మామిడి ఎండాకాలమంతా తాగేది మూడు లక్షలే, అంటే ఏడున్నర సెంటీమీటర్ల వాన. శ్రావణంలో రెండు రోజుల ముసురు ఇస్తుంది అంత. ఆ రెండు రోజుల నీళ్లను తోట దాటనివ్వకపోతే చాలు. ఏటా మన చెల్కల్లోంచి ఎర్రనీళ్లుగా ఒర్రెలోకి, ఒర్రెలోంచి వాగులోకి, వాగులోంచి గోదావరికి పోయేదీ ఇవే నీళ్లు.

వాలుకు అడ్డంగా, రెండు వరుసల నడుమ రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు కందకాలు తీయండి. పొడుగునా ఒకటే తీస్తే పెద్ద వానకు ఒక మూల తెగి మొత్తం కొట్టుకుపోతుంది, కాబట్టి అక్కడక్కడా అడ్డుకట్టలు వదలాలి. తీసిన మట్టి దిగువ వైపే పోయాలి. తోట అడుగున, వాలు ఆగే మూలన కుంట తవ్వుకోండి. ప్లాస్టిక్ పరచిన కుంటలో నీళ్లు నిలుస్తాయి గానీ మా ఎండకు ఆవిరైపోతాయి. పరచని కుంట నీళ్లు పది రోజుల్లో ఇంకిపోతాయి, పోయేది మన బోరులోకే. బోరు ఉన్నవాళ్లకు రెండోదే మేలని నా అభిప్రాయం. కుంట తవ్వే కాంట్రాక్టర్లు మొదటిదే మేలంటారు, ప్లాస్టిక్ అమ్మేది వాళ్లే.

వానాకాలం చెట్ల నడుమ జనుమో జీలుగో చల్లి, అవి పూతకు రాగానే కలియదున్నండి. అలసంద వేసుకున్నా సరే, గింజ ఇంటికి, ఆకు నేలకు. ఆఖరి వాన పడి నేల పదునారుతుండగా ఒకసారి గుంటుక తోలితే పై మట్టి పొడిపొడై కింది తడి పైకి రాదు, గడ్డీ చస్తుంది. ఆ తర్వాత రాలిన మామిడాకును ఊడ్చి కాల్చొద్దు. చెట్టు కింద అరడుగు మందాన పరచండి, చాలకపోతే వరిగడ్డి వేయండి. మొదలుకు జానెడు దూరం వదిలేయాలి, లేకుంటే చెదలు ఎక్కుతాయి. చెల్క నేలల వాళ్లకు చెరువు మట్టి బంగారం. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక మట్టి ట్రాక్టర్ల కొద్దీ తోలుకున్న తోటల్లో తేడా ఇప్పటికీ కనబడుతుంది. అప్పుడు ఇటుక బట్టీలకు తోలిన ఊళ్లు కూడా ఉన్నాయి, సరే.

8. లోతుకు పోయి వెతకొద్దు

మన కింద ఉన్నది గ్రానైటు. నీళ్లు ఉండేది పైన మెత్తబడ్డ పొరలో, దాని కింద బండ పగుళ్లలో. మెత్తటి పొర చాలాచోట్ల అరవై డెబ్బై అడుగులు దాటదు. మూడొందల అడుగులు దాటాక పగుళ్లు కూడా తగ్గిపోతాయి. ఆరొందలు, ఎనిమిది వందలు వేయించిన బోర్లలో దుమ్ము లేచినవే ఎక్కువ. కొబ్బరికాయ చేతిలో తిప్పేవాళ్లకు, నిమ్మకాయ పెట్టేవాళ్లకు ఇచ్చిన డబ్బుతో ఎన్ని కందకాలు తవ్వొచ్చో ఎవరూ లెక్కేయరు. రెండు బోర్లు ఒకే పగులు మీద ఉంటే రెండోది కొత్త నీళ్లు తేదు, మొదటి దాని నీళ్లు పంచుకుంటుంది. కొత్త బోరుకు అనుమతి కావాలని 2002 వాల్టా చట్టం చెప్పింది అందుకే. రిగ్గు లారీ రాత్రికి రాత్రి వచ్చి పోతుంది, చట్టం తెల్లారాక నిద్ర లేస్తుంది.

సిరిసిల్ల ముచ్చట ఇక్కడే చెప్పాలి. ఒకప్పుడు కరువుకు, మగ్గాల మీది బతుకులకు, దుబాయి వలసలకు పేరుపడ్డ తావు అది. మానేరు మీద నర్మాల దగ్గర నిజాం కాలపు ఎగువ మానేరు ఉన్నా చుట్టూ చెల్కలకు బోరే దిక్కు. చెరువుల పూడిక తీయడం, కుంటలు, వాగుల మీద చెక్‌డ్యాములు, వాటికి తోడు మాన్వాడ దగ్గర 25 టీఎంసీలకు పైగా పట్టే మధ్య మానేరులో నీళ్లు నిలవడం, అక్కడి నుంచి చెరువులు నింపడం, ఇన్నీ కలిశాక జిల్లాలో భూగర్భ జలం సగటున ఆరు మీటర్లు పైకి వచ్చిందని 2020లో ప్రకటించారు. ముస్సోరిలో ఐఏఎస్ శిక్షణలో దాన్ని పాఠంగా పెట్టారని పేపర్లలో వచ్చింది. అబద్ధమేమీ కాదు, ఎండిన బాయిల్లో నీళ్లు చూసినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు.

ఆ తర్వాతి కథ కూడా చెప్పాలి. నీళ్లు పైకి రాగానే ఊరూరా వరి పెరిగింది. 2023 అక్టోబరులో కాళేశ్వరం ప్రాజెక్టు మేడిగడ్డ బరాజ్ పియర్లు కుంగాయి, అక్కడి నుంచి ఎత్తిపోత ఆగింది. 2024 ఎండాకాలానికి పొట్ట మీదున్న వరి ఎండి పశువులను తోలిన పొలాలు సిరిసిల్ల దిక్కునే కనబడ్డాయి. కోరుట్ల వైపు వరద కాలువలో నీళ్లు వదిలితే గట్టు పొడుగునా మోటర్లు దిగుతాయి. వదలకపోతే ధర్నా. కాలువ పక్కన తోట పెట్టినవాళ్లకు నేను చెప్పేది ఒకటే. కాలువ నీళ్లు వచ్చిన ఏడు బోరు ముట్టుకోవద్దు, బాయి నిండనివ్వండి. ఈ కాలువలకు నీళ్లిచ్చే శ్రీరాంసాగర్‌కు, అదే ఎస్సారెస్పీకి, నెహ్రూ 1963లో పునాదిరాయి వేశారు, అప్పటి నుంచి కాలువ చివరి ఊళ్లకు నీళ్లు ఎప్పుడొస్తాయో ఖరారుగా చెప్పినవాణ్ణి నేను చూడలేదు.

ఇసుక గురించి ఒక మాట. వాగులో ఇసుక ఉన్నంతకాలం వాన పోయిన మూడు నెలలకు కూడా చెలిమె తీస్తే నీళ్లొచ్చేవి. ఇసుక లారీలు పోయిన వాగు రాతి కాలువ అవుతుంది, వచ్చిన నీళ్లు వచ్చినట్టే పోతాయి. వాగు పక్క తోటల వాళ్లు లారీలకు దారి ఇచ్చేముందు ఆలోచించాలి.

9. గుత్త రాసుకునేటప్పుడే నీళ్ల మాట

మా దగ్గర సగానికి పైగా తోటలు పూత మీదనో, అంతకంటే ముందో గుత్తకు పోతాయి. గుత్త పట్టినవాడికి తోట ఒక్క సీజనుదే. కాయ బరువు పెరగాలి, అంతే. "కాకా, ఇంకో రెండు తడులు ఇయ్యరాదే, కరెంటు నీ ఇంట్ల సొమ్మా?" అంటాడు కోత ముందు రోజు దాకా. ఆ నీళ్లతో కాయ ఉబ్బుతుంది, తూకం వస్తుంది. అదే కాయ ఢిల్లీ చేరేసరికి మెత్తబడుతుంది, తీపి చప్పబడుతుంది. జగిత్యాల కాయ నిలవ ఉండదనే పేరు అలాగే వస్తుంది, మరుసటి ఏడు ధర తగ్గేది మనకే. మాట నోటితో కాకుండా కాగితం మీద రాసుకోండి: నీళ్లు ఎప్పుడు, ఎన్ని గంటలు అనేది తోట రైతు ఇష్టం, కోతకు పదిహేను రోజుల ముందు బంద్, పూత మందు కల్టార్ పోయాలంటే అడిగే పోయాలి. కొందరు గుత్తేదార్లు ఒప్పుకోరు. పోనివ్వండి, మంచి తోటకు ఇంకొకడు వస్తాడు.

10. చిన్న మొక్కకు కుండ

డ్రిప్పు ఇంకా రాని తోటలో మొక్కకు జానెడు దూరంలో మట్టికుండ మెడ దాకా పాతి, నింపి, మూత పెట్టండి. రంగు వేసిన కుండ వద్దు, మామూలు కుమ్మరి కుండ కావాలి, దాని ఒంటి నుంచి నీళ్లు మట్టిలోకి ఊరుతాయి. మట్టి తడిగా ఉంటే ఊట తగ్గుతుంది, ఎండితే పెరుగుతుంది. చైనా వాళ్లు రెండు వేల ఏళ్ల కిందటే ఈ పద్ధతి పుస్తకంలో రాసిపెట్టారు. మూడు నాలుగు రోజులకోసారి నింపితే ఎండాకాలం గట్టెక్కుతుంది. మంది దొరకరు, నింపేదెవరు అంటారా, అదీ నిజమే. యాభై అరవై మొక్కల దాకా అయితే ఇంటివాళ్లతోనే జరుగుతుంది.

11. పడమటి గాలి

మే నెల వడగాలికి కాయ రాలేది ఎంతో, నేల తడి పోయేదీ అంతే. పడమటి గట్టున వెదురో, సరుగుడో రెండు వరుసలు పెట్టండి.

12. బాయిలో తాడు

2003 నుంచి 2009 దాకా ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో, మన తెలంగాణ నుంచి మహబూబ్‌నగర్, నల్గొండ, రైతులే భూగర్భ జలాన్ని చూసుకునే ఒక పథకం నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్.ఏ.ఓ. సాయం చేసింది. అందులో రైతులకు డబ్బులు పంచలేదు, పైపులు ఇవ్వలేదు. వానమాపకం, బాయిలో దించే టేపు ఇచ్చి రాసుకోమన్నారు. వానాకాలం అయ్యాక ఊరంతా కూర్చుని, భూమిలోకి ఎంత దిగింది, యాసంగికి ఎంత తీయొచ్చు అని గోడ మీద లెక్క రాసేవాళ్లు. ఏ పంట వేయాలో ఎవరూ హుకుం చేయలేదు. అయినా చాలా ఊళ్లలో వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. కాలిఫోర్నియా వాళ్లు బాయిలు ఎండిపోయాక 2014లో చట్టం చేసి కొలవడం మొదలుపెట్టారు, ఇప్పుడు అక్కడ బాదం తోటలు కొన్ని పీకేస్తున్నారు.

మా కరీంనగర్ దిక్కుకు ఆ పథకం రాలేదు. పథకం రాకపోతేనేం, తాడుకు పైసలెంత? పక్కపక్క తోటల వాళ్లు నలుగురు కలిసి ఒక పాత బాయి ఎంచుకోండి. వాడకుండా వదిలేసిన బాయి అయితే ఇంకా మంచిది. ప్రతి నెలా ఒకటో తారీఖున గట్టు మీది ఒకే రాయి దగ్గర నుంచి తాడు దించి, నీళ్లు తగిలిన లోతు కొట్టం గోడ మీద రాయండి. నవంబరు ఒకటిన ఉన్న మట్టం చూసుకుని, తోటకు కావలసింది పక్కన పెట్టాక మిగిలిన దాంట్లోనే యాసంగి ఎన్ని గుంటలో నలుగురూ మాట్లాడుకోవాలి. ఒక్కడు కొలిస్తే లాభం లేదు, మన నలుగురి బోర్లదీ ఒకటే ఊట. తాడు నైలానుది వద్దు, తడిస్తే సాగుతుంది. చుట్టుపక్కల మోటర్లు ఆపి ఒక రాత్రి గడిచాకే కొలవాలి, నడుస్తుండగా కొలిస్తే మట్టం తప్పుగా వస్తుంది.